శాసనసభ్యుడిగా లింకన్ ఎలా ఉండేవారు?

అధ్యక్షుడు కాకముందు అబ్రహాం లింకన్ ఇల్లినాయ్ శాసనసభలో ఏం చేశారు, అప్పటి శాసనసభ్యుడి బతుకు ఎలా ఉండేది అని అడిగారు. ఉద్యోగరీత్యా కొన్నేళ్లుగా ఇల్లినాయ్ రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉంటున్నందువల్ల, వచ్చిన చుట్టాలకు లింకన్ తిరిగిన చోట్లన్నీ చూపించే పని నా మీదే పడుతూ ఉంటుంది. కాబట్టి నాకు తెలిసినది చెబుతాను.

1832లో మొదటిసారి నిలబడి ఓడిపోయినా, తాను ఉంటున్న న్యూ సేలంలో పోలైన 300 ఓట్లలో 277 ఆయనకే పడ్డాయి. 1834లో గెలిచేనాటికి వయసు 25 ఏళ్లు. ఊరి పోస్టుమాస్టరుగా ఉంటూ భూముల సర్వే కూడా చేసేవారు. భాగస్వామితో పెట్టిన కొట్టు మూతపడి అప్పులు మిగిలాయి. సభకు వెళ్లేందుకు తగిన బట్టలు లేక, తెలిసిన రైతు దగ్గర 200 డాలర్లు చేబదులు తీసుకుని, అందులో 60 డాలర్లు సూటుకే పెట్టారు.

అప్పటి రాజధాని వాండేలియాలో 1836లో కట్టిన తెల్లటి శాసనసభ భవనం ఇప్పటికీ ఉంది. గోడల తడి ఆరకముందే అందులో సభ పెట్టేశారు. ఒకప్పుడు సర్పంచిగా చేసిన మా మామగారు, కొవ్వొత్తులూ ఈక కలాలూ అమర్చిన బల్లల మధ్య నిలబడి, ముందుగా అడిగింది "వీళ్లకు జీతమెంత బాబూ?" అని. సభ జరిగిన రోజులకు మాత్రమే భత్యం ఉండేది. మొదటి సమావేశం మొత్తానికి లింకన్‌కు ముట్టింది 258 డాలర్లు. సభ ముగిశాక ఎవరి పని వారిదే. ఆ ఖాళీలోనే, తోటి సభ్యుడు జాన్ టాడ్ స్టువర్ట్ ఇచ్చిన న్యాయశాస్త్ర పుస్తకాలు చదివి 1836లో వకీలు అయ్యారు.

నా దృష్టిలో ఆయన అప్పటికి మహాపురుషుడేమీ కాదు, తన జిల్లా పని చక్కబెట్టుకోవడం తెలిసిన నాయకుడు. ఆ జిల్లా, అంటే శాంగమన్ కౌంటీ నుంచి లింకన్‌తో సహా వచ్చిన తొమ్మిది మంది సభ్యులూ ఆరడుగుల పొడుగరులు కావడంతో వారిని 'లాంగ్ నైన్' అని పిలిచేవారు. రాజధానిని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు తరలించడమే వారి ప్రధాన లక్ష్యం; 1837 ఫిబ్రవరి 28న, నాలుగో విడత ఓటింగులో అది నెరవేరింది. (రాజధాని గొడవలు ఎలా ఉంటాయో తెలుగువారికి నేను వివరించనక్కర్లేదు.) అదే సమావేశంలో రైలుమార్గాలకూ కాలువలకూ దాదాపు కోటి డాలర్లు కేటాయించిన పథకానికి వారు మద్దతిచ్చారు. అది రాజధాని ఓట్లకు బదులుగా కుదుర్చుకున్న బేరమేనన్న ఆరోపణ అప్పుడే వచ్చింది. చరిత్రకారుల మధ్య ఆ వాదన నేటికీ తెగలేదు. బేరం ఉన్నా లేకపోయినా, ఆ ఏడాదే వచ్చిన ఆర్థిక సంక్షోభంతో పనులు సగంలో ఆగిపోయి, రాష్ట్రం అప్పుల్లో కూరుకుపోయింది. 1840 డిసెంబరులో, ఇల్లినాయ్ స్టేట్ బ్యాంకును కాపాడేందుకు కోరం (సభ సాగడానికి కావలసిన కనీస హాజరు) లేకుండా చేయాలని, సభ జరుగుతున్న భవనం కిటికీలోంచి లింకన్ దూకిన ముచ్చట కూడా ఉంది. ఫలితం లేకపోగా నవ్వులపాలయ్యారు.

అయితే ఒక్క విషయం వేరు. బానిసత్వ నిర్మూలనవాదులను ఖండిస్తూ 1837 జనవరిలో వచ్చిన తీర్మానానికి 77 మంది అనుకూలంగా, ఆరుగురు వ్యతిరేకంగా ఓటు వేశారు. ఆ ఆరుగురిలో లింకన్ ఒకరు. కానీ బానిసత్వం అన్యాయమనీ చెడ్డ విధానమనీ చెప్పే లిఖితపూర్వక నిరసనను సభా రికార్డులో ఎక్కించింది మాత్రం మార్చి 3న, అంటే రాజధాని ఓటు చేతికందాక. దానిమీద ఆయనతోపాటు సంతకం పెట్టినది తోటి సభ్యుడు డాన్ స్టోన్ ఒక్కరే. నిర్మూలనవాదుల ప్రచారం ఆ కీడును తగ్గించకపోగా పెంచుతుందని కూడా అందులోనే రాశారు కాబట్టి, అది నేటి పాఠకుడు ఆశించేంత సూటి పత్రం కాదు. అయినా 1860లో అధ్యక్ష పదవికి పోటీ చేస్తూ రాసిచ్చిన స్వీయ పరిచయంలో లింకన్ ఆ నిరసనను ప్రస్తావించి, అది చెప్పినంతవరకు తన వైఖరి అప్పుడూ ఇప్పుడూ ఒకటేనని పేర్కొన్నారు.