గాలి ఆడని మీటింగ్ రూమ్ గురించి

చిట్టితల్లీ,

నీ ఉత్తరం అందింది. ఆ నాలుగంతస్తుల ఆఫీసు నిర్వహణ మొత్తం నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషం వేసింది. మధ్యాహ్నం అయ్యేసరికి మూడో అంతస్తు వాళ్లు తలపోటు అంటున్నారనీ, కళ్లు మండుతున్నాయనీ, నిద్ర ముంచుకొస్తోందనీ ఫిర్యాదు చేస్తున్నారని రాశావు. ఏసీ ఇంకో రెండు డిగ్రీలు తగ్గించినా లాభం లేదన్నావు. మీ పైవాళ్లు అదంతా వాళ్ల ఊహ అని కొట్టిపారేశారట. నువ్వు మాత్రం అలా అనుకోకు. వాళ్ల మాట నమ్ము.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ తప్పు నేను చేశాను. ఒక భవనంలో పనిచేస్తున్నప్పుడు కరెంటు బిల్లు తగ్గించమని ఒత్తిడి వచ్చింది. బయటి గాలి లోపలికి వచ్చే దారిలో ఉండే మూత, అదే డ్యాంపర్‌ని, దాదాపు పూర్తిగా మూయించాను. వేడిగాలిని చల్లబరచే ఖర్చు తగ్గింది, అందరూ మెచ్చుకున్నారు. ఆ తర్వాత ఏడాది పొడవునా మీటింగ్ రూముల గురించి ఫిర్యాదులే. పిలిచినప్పుడల్లా థర్మామీటర్ పట్టుకుని వెళ్లేవాణ్ణి, చల్లగానే ఉంది కదా అని చెప్పి వచ్చేసేవాణ్ణి. ఉబ్బసం ఉన్న ఒకావిడ సీటు మార్చమని మూడుసార్లు అడిగింది. సీటు మార్పించాను కానీ డ్యాంపర్ సంగతి నాకు తట్టలేదు. ఆ బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు.

గది చల్లగా ఉన్నంత మాత్రాన అందులో గాలి బాగున్నట్టు కాదు. గోడకు తగిలించే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు. గదిలో ఉన్న గాలినే పీల్చి, చల్లబరచి, మళ్లీ గదిలోకే వదులుతుంది. తలుపులు, కిటికీలు బిగించి, పదిమందిని కూర్చోబెట్టి, రెండు గంటలు ఆ ఏసీ నడిపితే అందరూ ఒకరు వదిలిన గాలి ఒకరు పీలుస్తున్నట్టే. పెద్ద సెంట్రల్ ఏసీ అయితే బయటి గాలికి దారి ఉంటుంది. కానీ ఆ దారి తెరిచి ఉందో లేదో ఎవరో ఒకరు వెళ్లి కళ్లతో చూడాలి. మొదటి పనిగా నువ్వే మేడ మీదకు వెళ్లి చూడు. తెరిచే ఉందని ఎవరైనా చెబితే సరిపెట్టుకోకు.

తర్వాత కార్బన్ డయాక్సైడ్ మీటర్ ఒకటి కొను. కొనేముందు అది ఎన్‌డీఐఆర్ సెన్సర్‌తో, అంటే పరారుణ కాంతితో ఆ వాయువునే నేరుగా కొలిచే సెన్సర్‌తో పనిచేసేదేనా అని అడుగు. చవక రకాలు కొన్ని గదిలోని వాసనలను బట్టి ఒక అంకె ఊహించి చూపిస్తాయి, వాటితో నీకు పని జరగదు. సరైన మీటర్‌ని ఆరుబయట పెడితే 420 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 420 పాళ్ల దరిదాపుల్లో చూపించాలి. మనం వదిలే ఊపిరిలో దాదాపు 40,000 పీపీఎం ఉంటుంది. అందుకే గదిలో ఈ అంకె పెరుగుతోందంటే మనుషులు వదిలిన ఊపిరి బయటికి పోకుండా అక్కడే పేరుకుంటోందన్నమాట. 2,400 చూపించిందనుకో, పీల్చే ప్రతి ఇరవై ఊపిరుల్లో ఒక ఊపిరంత గాలి అప్పటికే ఎవరో పీల్చి వదిలినదే. ఈ లెక్క చెప్పాక మా మేనేజర్ మొహంలో వచ్చిన మార్పు నాకింకా గుర్తుంది. అంతకుముందు ఎన్ని చెప్పినా కదలని మనిషి ఆయన.

ఈ కొలత కొత్తదేమీ కాదు. మ్యూనిక్‌లో మాక్స్ ఫాన్ పెట్టెన్‌కోఫర్ అనే శాస్త్రవేత్త 1858లోనే గదిలో 1,000 పీపీఎం దాటకూడదని చెప్పాడు. ఇప్పుడు చాలామంది 800 లోపు ఉంచమంటున్నారు. నువ్వు 800 లక్ష్యంగా పెట్టుకో. 1,000 దాటిందంటే ఏదో ఒకటి చెయ్యాల్సిందే.

మీటర్‌తో ఇంకో పరీక్ష కూడా చెయ్యొచ్చు. ఇది మాత్రం శ్రద్ధగా చదువు. సాయంత్రం అందరూ వెళ్లిపోయాక, ఏసీ, ఫ్యాన్లు పగలు నడిచినట్టే నడవనిచ్చి, ఖాళీ గదిలో మీటర్ పెట్టి టైం రాసుకో. అప్పుడు 1,420 ఉందనుకుందాం. బయటికన్నా 1,000 ఎక్కువ. ఆ ఎక్కువున్న వెయ్యి సగానికి, అంటే మీటర్ 920కి దిగడానికి ఎంతసేపు పట్టిందో చూడు. సుమారు 42 నిమిషాలు పడితే ఆ గదిలోకి గంటకు ఒక గది నిండా పట్టేంత బయటి గాలి వస్తున్నట్టు. 8 నిమిషాల్లో దిగితే అయిదు గదుల గాలి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2023లో మనుషులు ఉండే గదులకు గంటకు కనీసం 5 సార్లు శుభ్రమైన గాలి అందేలా చూడమని చెప్పింది. ఈ అయిదూ బయటి గాలే కానక్కర్లేదు, వడగట్టిన గాలి కూడా లెక్కలోకి వస్తుంది. గదికో కాగితం పెట్టి ఈ నిమిషాలు రాయి. ఏ గదికి ముందు డబ్బు ఖర్చు పెట్టాలో ఆ కాగితాలే చెబుతాయి.

బయటి గాలి తెచ్చుకోగలిగిన చోట అదే మేలు. ఎదురెదురు కిటికీలు రెండూ కాస్త తెరిచినా చాలా తేడా ఉంటుంది. ఒకటే తెరిస్తే అంత గాలి ఆడదు. కిటికీకి ఎదురు వైపు ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టిస్తే ఇంకా మంచిది. బయట పొగ, దుమ్ము ఎక్కువగా ఉన్న రోజుల్లో మాత్రం కిటికీలు మూసి ఫిల్టర్ల మీద ఆధారపడక తప్పదు. సెంట్రల్ ఏసీలో మెర్వ్ 13 రకం ఫిల్టర్, అంటే సన్నటి దుమ్మును కూడా బాగా పట్టేది, పెట్టించగలవేమో టెక్నీషియన్‌ని అడుగు. ఆ మెషీన్ ఫ్యాన్‌కి దాన్ని లాగే శక్తి ఉండాలి, లేకపోతే గాలి తగ్గి మొదటికే మోసం వస్తుంది. ఫిల్టర్ చుట్టూ సందులున్నా అంతే, గాలి వడగట్టుకోకుండా పక్కనుంచి జారిపోతుంది. ఆ సందులకు టేపు అంటించడం పది నిమిషాల పని, కానీ దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ.

గదిలో పెట్టే ప్యూరిఫైయర్ కొనేటప్పుడు దాని సీఏడీఆర్ చూడు. గంటకు ఎన్ని ఘనపు మీటర్ల గాలిని శుభ్రం చేయగలదో ఆ అంకె చెబుతుంది. మీ మీటింగ్ రూమ్ పది మీటర్ల పొడవు, ఆరు వెడల్పు, మూడు ఎత్తు అన్నావు. అంటే 180 ఘనపు మీటర్లు. గంటకు 5 సార్లంటే 900 కావాలి. 300 సీఏడీఆర్ ఉన్నవైతే మూడు పెట్టాలి. పెద్ద శబ్దం చేసేవి కొనకు. మీటింగ్ మొదలవగానే ఎవరో ఒకరు ఆపేస్తారు. స్పీడ్ తగ్గించి నడిపినప్పుడు సీఏడీఆర్ ఎంతో కూడా అడుగు, డబ్బాపై రాసేది ఫుల్ స్పీడ్‌కి. ఇవి దుమ్మునీ, వైరస్‌లు మోసే తుంపర్లనీ పడతాయి కానీ కార్బన్ డయాక్సైడ్‌ని తగ్గించవు. కాబట్టి ఇవి నడుస్తుండగా మీటర్‌లో అంకె దిగలేదని కంగారు పడకు. అలాగని మగత, ఉక్క తగ్గుతాయనీ ఆశించకు. వాటికి బయటి గాలే కావాలి.

ఓజోన్ వదిలే మెషీన్లు మాత్రం ఎంత ఉచితంగా ఇచ్చినా తీసుకోకు. ఓజోన్ ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. సువాసన స్ప్రేలు కూడా అంతే, వాసనను కప్పేస్తాయి తప్ప గాలిని బాగుచెయ్యవు, పైగా గాలిలో ఇంకొన్ని రసాయనాలు కలుపుతాయి. కొత్త ప్లైవుడ్ ఫర్నిచర్, రంగులు వేయించే పని ఉంటే సెలవులకు ముందు రోజున పెట్టుకుని, ఆ సెలవులన్నీ కిటికీలు తెరిచి ఉంచు. లేజర్ ప్రింటర్లను మనుషుల పక్కనుంచి ఎగ్జాస్ట్ ఉన్న మూలకు జరుపు. గోడ మీద చెమ్మ, బూజు కనిపిస్తే రంగు పూసి కప్పించకు, ముందు నీరు ఎక్కడినుంచి వస్తోందో వెతికించు.

ఖర్చు గురించి పైవాళ్లు పేచీ పెడతారు, తెలుసు. వాళ్లకు ఒక సంఘటన చెప్పు. 2020 మార్చిలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక గాయక బృందం రెండున్నర గంటలు ఒకచోట చేరి పాటలు సాధన చేసింది. వచ్చినవాళ్లు 61 మంది. వాళ్లలో లక్షణాలున్నది ఒక్కరికే. తర్వాత మరో 52 మందికి కోవిడ్ సోకింది, లేదా సోకినట్టే లెక్క, ఇద్దరు చనిపోయారు. వాళ్లేమీ నిర్లక్ష్యంగా లేరు, చేతులు శుభ్రం చేసుకున్నారు, కౌగిలింతలు మానుకున్నారు. కానీ గదిలో గాలి గురించి అప్పటికి చాలామంది ఆలోచించలేదు. ఆఫీసులో ఒకరికి జలుబు చేస్తే వారం తిరిగేసరికి వరుసంతా సెలవు పెట్టడం నువ్వూ చూసే ఉంటావు. ఆ సెలవుల లెక్క, ఫ్యాన్ కరెంటు లెక్క పక్కపక్కన రాసి చూపించు.

మీటర్‌ని దాచిపెట్టకు. అందరికీ కనిపించేలా మీటింగ్ రూమ్ బల్ల మీదే పెట్టు. 1,000 దాటగానే ఎవరో ఒకరు లేచి కిటికీ తెరుస్తారు, నువ్వు పరిగెత్తుకు రానక్కర్లేదు. మూడో అంతస్తులో మొదటి సాయంత్రం కొలతలు తీశాక నాకు పంపించు. గదిలో ఎంతమంది కూర్చున్నారో, తలుపు తెరిచుందో మూసుందో అది కూడా రాయి. అంకెలు చూసి డ్యాంపర్ ఎంత తెరవాలో ఇద్దరం కలిసి లెక్క వేద్దాం.

ఆశీస్సులతో,
మామయ్య