ఆనపకాయను కూరగా తినండి, పచ్చి రసంగా తాగకండి

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా రాజాం దగ్గర పల్లెటూరు. మా అమ్మగారికి 58 ఏళ్లు, ఆరేళ్లుగా షుగర్ ఉంది. వేసవిలో మా పాదులకు ఆనపకాయలు, బీరకాయలు విరగకాస్తాయి గానీ, ఆ చప్పిడి కూరలు ఆమెకు మొహం మొత్తాయి. రుచిగా ఎలా వండాలి? పరగడుపున ఆనపకాయ రసం తాగితే షుగర్ తగ్గుతుందంటున్నారు, నిజమేనా?

జవాబు: ముందుగా రసం సంగతి చెబుతాను, ఎందుకంటే అది ప్రాణాల మీదికి తెచ్చే విషయం. ఆనప, బీర, దోస, జుకినీ జాతి కాయలన్నింటిలోనూ కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థం తయారయ్యే అవకాశం ఉంది. ఒక్కోసారి ఆ పదార్థం బాగా ఎక్కువైన కాయను రసం తీసి తాగితే వాంతులు, విరేచనాలు, రక్తపు వాంతులు మొదలై, బీపీ పడిపోయి మరణించినవారు మన దేశంలోనే ఉన్నారు. దీనికి విరుగుడు మందు లేదు, ఉడికించినా ఆ విషం పోదు. దోసకాయను చేదు చూడకుండా పప్పులో వేయని మన ఆడవాళ్లు ఆనపకాయ విషయంలోనూ అదే జాగ్రత్త పాటించాలి: చిన్న ముక్క నాలుకకు ఆనించి, చేదు తగిలితే ఉమ్మేసి, కాయ మొత్తం పారేయాలి. షుగర్ మాత్రలకు ఈ రసం బదులు కానేకాదు.

వంటగా మాత్రం ఇది అమ్మగారికి ఎంతో మంచిది. 100 గ్రాముల ఆనపకాయలో సుమారు 95 గ్రాములు నీరే, కేలరీలు 15కు మించవు. నీళ్లు పోసి ఉడికించడం వల్లే కూర చప్పబడుతుంది, ఆ చప్పదనం పోవాలని ఉప్పూ నూనే పెంచుతాము. లేత కాయను ముక్కలు చేసి, ఒక చెంచా నూనెలో పోపు పెట్టి, మూతవేసి సన్నని సెగన దాని నీటిలోనే మగ్గించి, దించేముందు వేయించిన నువ్వుల పొడి చల్లండి. మరోరోజు అదే కూరకు ఆవ పెట్టండి. పెసరపప్పుతో వండితే మాంసకృత్తులూ అందుతాయి. బీరకాయ చెక్కును పారేయకుండా పచ్చడి చేయండి, పీచు అందులోనే ఎక్కువ. పులుసులో బెల్లం మన ప్రాంతపు రుచే అయినా ఆమె వాటాకు వద్దు. ఉల్లిపాయ ముక్కలు ఎక్కువ వేస్తే ఆ తీపి కొంత వస్తుంది. అయితే కంచంలో సగం కూర ఉండి, అన్నం తగ్గినప్పుడే షుగర్ అదుపులోకి వస్తుంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బుల గురించి మీరు వినే ఉంటారు. షుగర్ కూడా కిడ్నీలను దెబ్బతీస్తుంది కనుక కిడ్నీల పనితీరు తెలిపే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు ఏడాదికోసారి చేయించండి. తేడా ఉంటే పప్పు, ఉప్పు ఎంత తినాలో వైద్యుణ్ణి అడిగి నిర్ణయించుకోవాలి.