అమ్మ వివరాలు వెయిన్ రిజిస్ట్రీలో చేర్చడానికి సంతకం పెట్టవచ్చా?

అమ్మగారికి వేరికోస్ వెయిన్స్‌కి, అంటే కాలిలో ఉబ్బిన సిరలకు, లేజర్ చేసే ముందు, వివరాలు రిజిస్ట్రీలో, అంటే చాలామంది రోగుల వివరాలు ఒకచోట చేర్చే జాబితాలో, చేర్చుకుంటామని సంతకం అడిగారన్నారు. దానివల్ల పరిశోధనకు నిజంగా ఉపయోగం ఉందా అన్నది మీ ప్రశ్న. ఉందండి. సిరల జబ్బుల విభాగంలో ఈ వివరాలు నమోదు చేసే పని చేసినదాన్ని కాబట్టి, చూసింది చెబుతాను.

చికిత్సల్ని పోల్చి పరీక్షించే ట్రయల్స్‌లో మనుషుల్ని ఏరి తీసుకుంటారు. బాగా పెద్ద వయసువాళ్లు, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు, గర్భిణులు చాలావాటిలో ఉండరు. జబ్బు మాత్రం వాళ్లకూ వస్తుంది కదా. రిజిస్ట్రీలో వచ్చినవాళ్లను వచ్చినట్టే చేర్చుకుంటారు. సిరల్లో రక్తం గడ్డకట్టినవాళ్ల కోసం స్పెయిన్‌లో 2001లో మొదలైన రియెటే రిజిస్ట్రీలో ఇప్పుడు లక్షమందికి పైగా ఉన్నారు. రక్తం పలచబరిచే మందులు వాడేటప్పుడు ఎవరికి రక్తస్రావం ముప్పు ఎక్కువో అంచనా వేసే స్కోరు 2008లో ఆ డేటా నుంచే వచ్చింది. వయసు 75 దాటిందా, క్యాన్సర్ ఉందా, రక్తహీనత ఉందా, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగిందా లాంటి మామూలు వివరాలే దానికి ఆధారం.

లేజర్‌తో పాడైన సిరను మూసేస్తారు. ఆ తర్వాత అరుదుగా రక్తపు గడ్డ లోపలి పెద్ద సిరలోకి పాకుతుంది. ఒక్క డాక్టరు అలాంటివి ఎన్ని చూస్తారు? అన్నిచోట్ల కేసులూ ఒకచోట చేరితేనే అది ఎవరికి వస్తుందో తెలిసేది.

అలాగని రిజిస్ట్రీ అన్నీ తేల్చలేదు. కాలి పరిస్థితిని బట్టే డాక్టరు చికిత్స ఎంచుకుంటారు కాబట్టి, ఏ పద్ధతి మేలో చెప్పడానికి ట్రయలే కావాలి. పుండు ఉన్నవాళ్లకు పాడైన సిరను తొందరగా మూసేస్తే పుండు త్వరగా మానుతుందని 2018లో చూపింది ఎవ్రా అనే ట్రయల్.

రిజిస్ట్రీ కోసం మేం నింపే, సిరల జబ్బు ఎంత తీవ్రంగా ఉందో కొలిచే వీసీఎస్ఎస్ ఫారంలో పది అంశాలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. నొప్పి, వాపు, చర్మం రంగు, పుండ్లు ఎన్ని, ఎంత పెద్దవి, బిగుతు మేజోళ్లు వాడుతున్నారా అని. "రోజూ వేసుకుంటున్నానమ్మా" అన్నవాళ్లను "ఎండాకాలం కూడానా?" అని మెల్లగా అడిగితే అసలు సంగతి బయటికొచ్చేది. అమ్మగారిని ఉన్నదున్నట్టు చెప్పమనండి, ఎవరూ ఏమీ అనుకోరు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఏడాది తర్వాతి ఫాలోఅప్ గడి. చాలామందికి అది ఖాళీయే. కాలు బాగుపడినవాళ్లు మళ్లీ రారు, నొప్పి ఉన్నవాళ్లు వస్తారు. చివరికి ఆ లెక్క చూస్తే చికిత్స ఉన్నదానికంటే అధ్వాన్నంగా కనిపిస్తుంది. మూసిన సిర మళ్లీ తెరుచుకుందా అన్నది తెలిసేది కూడా అప్పుడే. అందుకే నా దృష్టిలో సంతకం కంటే, ఏడాది తర్వాత ఫాలోఅప్ కోసం వచ్చే ఫోన్‌కి జవాబివ్వడమే పెద్ద సాయం. "బాగానే ఉంది" అన్న ఒక్క మాటైనా డేటానే.

సంతకానికి ముందు ఇవి అడగండి: పేరు తీసేసి కోడ్ పెడతారా, వివరాలు ఎవరు చూస్తారు, తర్వాత వద్దనుకుంటే తప్పుకోవచ్చా, సంతకం పెట్టకపోయినా చికిత్స ఇలాగే జరుగుతుందా. చివరి రెండిటికీ "అవును" అనే రావాలి. తడబడితే సంతకం ఆపండి. అన్నీ సరిపోతే, ఫారంలో అమ్మగారి నంబర్ కింద మీ నంబర్ కూడా రాయండి. ఏడాదికి ఆమె నంబర్ మారినా ఫోన్ మీకు వస్తుంది.