పెరటి ప్రశ్నలు: కోళ్లు, కుండీలు, కుట్లు

ప్రశ్న: ఎనిమిది పెట్టలు, నలభై కుండీలు, రెండు కూరగాయల మళ్లు ఉన్నాయి. మధ్యాహ్నాలు లేసు అల్లుతాను. సాయంత్రం స్నేహితురాళ్లు వస్తారు. దేనికీ సమయం చాలడం లేదు. కోళ్లను వదిలితే మొక్కలన్నీ పెకలించేస్తున్నాయి, మూసి ఉంచితే ఒకటే గోల. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ముందు కోళ్ల వేళలు పట్టుకోండి. మిగతా పనులను వాటి చుట్టూ అమర్చుకోవచ్చు. పెట్ట కడుపులో ఒక గుడ్డు తయారవడానికి 25, 26 గంటలు పడుతుంది. అందుకే రోజురోజుకూ కాస్త ఆలస్యంగా పెడుతూ వచ్చి, ఒక రోజు మానేసి, మళ్లీ పొద్దున్నే మొదలుపెడుతుంది. మొత్తం మీద ఎక్కువ గుడ్లు పదకొండు లోపే వచ్చేస్తాయి. ఆలోపు వదిలారంటే కరివేప చెట్టు కింద ఒకటి, కట్టెల మోపు వెనక ఒకటి పెట్టేస్తాయి, మీకు వెతుకులాటే మిగులుతుంది. కాబట్టి తెల్లవారగానే గూడు తలుపు తీసినా, దాని ముందు వల కట్టిన జాగాలోనే తిరగనివ్వండి. ఎనిమిది పెట్టలకు అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు పెట్టెలు రెండు చాలు. అడుగున గడ్డి పరిచి, కాస్త చీకటిగా ఉండే మూల పెట్టండి.

తోటలోకి వదలడానికి మంచి వేళ పొద్దుగూకడానికి గంట, గంటన్నర ముందు. ఆ కాసేపట్లో పురుగులు, కలుపు మొక్కలు తింటాయి. వెలుగు తగ్గగానే ఎవరూ తోలకుండానే గూటికి చేరతాయి. స్నేహితురాళ్లు వచ్చేదీ అప్పుడే గనుక అందరూ పెరట్లోనే కూర్చుంటే కోళ్ల మీద నాలుగు జతల కళ్లు ఉంటాయి. పిల్లి, కుక్క, ముంగిస దరిచేరవు.

మొక్కలు పెకలించడానికి తిండి ఒక్కటే కారణం కాదు, ధూళి స్నానం కూడా. గమనించి చూడండి: పెట్ట పక్కకు ఒరిగి, ఒక రెక్క విప్పి, కాలితో పొడి మట్టిని ఈకల సందుల్లోకి ఎగజిమ్ముకుంటుంది. పేలు, నల్లులు వదిలించుకునే పద్ధతి అది. దాన్ని మాన్పించలేం, చోటు మార్చగలం. రెండడుగుల వెడల్పు, అడుగు లోతు ఉన్న పాత టబ్బులో పొడి మట్టి, ఇసుక సమంగా పోసి, పైన రెండు మూడు దోసిళ్ల కట్టెల బూడిద కలిపి వాన తగలని చోట పెట్టండి. బీర పందిరి కింద అయితే ఇంకా మేలు. పొడిగా ఉన్నంతకాలం అక్కడికే పోతాయి. తడిస్తే మళ్లీ మీ వంగ పాదే గతి.

కొత్తగా నాటిన మొక్క మొదట్లో పిడికిలంత రాళ్లు గానీ పగిలిన పెంకులు గానీ నాలుగు వైపులా ఆనించండి. గింజలు చల్లిన మడిని మొక్కలు బెత్తెడు ఎత్తు వచ్చేదాకా వలతో కప్పాల్సిందే. గోడ ఎక్కే పెట్ట ఉంటే ఒక్క రెక్కకే, చివరి పది పొడుగాటి ఈకలను సగానికి కత్తిరించండి. రెండు రెక్కలూ కత్తిరిస్తే సమంగానే ఎగురుతుంది, ఫలితం ఉండదు. కాడ నీలంగా కనిపించే లేత ఈకలో నెత్తురు ఉంటుంది, దాన్ని ముట్టుకోవద్దు.

ఇక మీ సమయం. ఆరు నుంచి ఏడు దాకా నీళ్లు, మొక్కల పని. పదకొండుకు ఒక్కసారే గుడ్లు. ఎండ పూట అల్లిక. అల్లికలో లెక్క పెట్టాల్సిన వరుసలన్నీ ఒంటరిగా ఉన్నప్పుడు ముగించండి. ఒకే కుట్టు సాగే అంచులు, గొలుసులు మాత్రం సాయంత్రానికి అట్టే పెట్టుకోండి. కబుర్లలో పడి లెక్క తప్పితే మర్నాడు విప్పుకోవడానికే గంట పోతుంది. స్నేహితురాళ్లకు కూడా చేతికి పని ఇవ్వండి. బెండ గింజలు వలవడం, చిక్కుడు ఈనెలు తీయడం నలుగురు కలిస్తే ఇట్టే అయిపోతాయి. వెళ్లేటప్పుడు తలా కాసిని గింజలు పట్టుకెళ్తారు.

ప్రశ్న: కోళ్ల రెట్ట మంచి ఎరువు అన్నారని మిరప, టమాటా కుండీల్లో రెండేసి గుప్పెళ్లు వేశాను. వారంలో ఆకుల అంచులు మాడిపోయాయి. మట్టి తడిగా ఉన్నా మొక్క వాలిపోతోంది.
– ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: పచ్చి రెట్ట వేశారు, అదే తప్పు. రెట్టలోని యూరిక్ ఆమ్లం తడి తగలగానే అమ్మోనియాగా మారి వేరు కొసలను కాలుస్తుంది. దానికి తోడు లవణాలు ఎక్కువై, మట్టిలో నీళ్లున్నా వేరు పీల్చుకోలేదు. వాలిపోతోందని మీరు రోజూ కొద్దికొద్దిగా నీళ్లు పోస్తే ఆ లవణాలు అక్కడే ఉండిపోతాయి.

ఇవాళే పైన అంగుళం మట్టి గీకి తీసేయండి. కుండీ అడుగు రంధ్రం తెరుచుకుని ఉందో లేదో చూసి, కుండీకి పట్టే నీటికి మూడింతలు ఆగి ఆగి పోసి కిందికి కారనివ్వండి. నాలుగైదు రోజులు నీడలో ఉంచండి. పూత, పిందె గిల్లేయండి. మూడు వారాలు ఏ ఎరువూ వద్దు. మాడిన ఆకు మళ్లీ పచ్చబడదు, దాన్ని చూసి దిగులు పడొద్దు. కొసన వచ్చే చిగురు చూడండి. అది నిగనిగలాడుతూ వస్తే మొక్క బతికినట్టే.

రెట్టను మాగబెట్టి వాడాలి. ఒక తట్ట రెట్టకు రెండు మూడు తట్టల ఎండుటాకులు పొరలు పొరలుగా వేయండి. కుప్ప కనీసం మూడడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉండాలి. అంతకంటే చిన్నదైతే లోపల వేడి నిలవదు, వేడి పుట్టకపోతే కలుపు గింజలు, రోగక్రిములు చావవు. తడి ఎంత ఉండాలంటే, గుప్పెట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార రాకూడదు. పది రోజులకోసారి తిరగేయండి. ముక్కు పుటాలదిరే ఘాటు వస్తుంటే ఎండుటాకులు తక్కువయ్యాయని అర్థం. వాసనా లేదు, వేడీ లేదంటే కుప్ప ఎండిపోయింది, నీళ్లు చల్లండి. గూట్లో పరిచిన వరి ఊక కూడా కలిసి ఉంటే ఇంకా ఆలస్యమవుతుంది, ఊక తొందరగా కుళ్లదు. అందుకే గూట్లో పరచడానికి దొరికితే వేరుశనగ పొట్టు మేలు.

రెండున్నర, మూడు నెలలకు తయారవుతుంది. అయిందో లేదో తెలియాలంటే కాస్త తీసి చిన్న డబ్బాలో వేసి, పది మెంతి గింజలు చల్లి చూడండి. అన్నీ మొలిచి, మొలక తెల్లగా సాగితే వాడుకోవచ్చు. అడుగు కుండీకి నెలకు రెండు గుప్పెళ్లు చాలు. కొత్తిమీర, ముల్లంగి వంటి పచ్చిగా తినేవి వేసే మడిలో పచ్చి రెట్ట పడితే కోతకు నాలుగు నెలల ఎడం ఉండేలా చూసుకోండి.

ప్రశ్న: క్రోషియాతో గుండ్రటి రుమాలు అల్లుతుంటే ఆరో వరుస నుంచి అంచు అలలు అలలుగా లేస్తోంది. ఇస్త్రీ చేసినా అణగడం లేదు. తోట పని వల్ల వేళ్లకు దారం కూడా పట్టుకుంటోంది.
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: నర్సాపురం లేసు పక్కనే ఉన్న మీకు కుట్టు రాకపోవడం కాదిది, లెక్క తేడా. గుండ్రటి అల్లిక చదునుగా కూర్చోవాలంటే డబుల్ క్రోషేలో వరుసకు పన్నెండు కుట్లే పెరగాలి: మొదట 12, తర్వాత 24, 36, 48. అంటే రెండో వరుసలో ప్రతి కుట్టులో రెండు, మూడో వరుసలో ఒక కుట్టులో ఒకటి, పక్క కుట్టులో రెండు, నాలుగో వరుసలో రెండు కుట్లలో ఒక్కొక్కటి, మూడో కుట్టులో రెండు. అంతకంటే ఎక్కువ పెరిగితే అలలు, తక్కువైతే గిన్నెలా ముడుచుకోవడం. సింగిల్ క్రోషే అయితే పెరగాల్సింది ఆరే. రుమాలును బల్ల మీద పెట్టి మధ్య నుంచి బయటికి అరచేత్తో నొక్కుతూ రండి. మొదట ఏ వరుస లేస్తే అక్కడిదాకా విప్పాలి. చాలాసార్లు తప్పు అల కనిపించిన వరుసలో కాకుండా దానికి ఒకటి రెండు వరుసల ముందు ఉంటుంది.

వేళ్లకు చెంచా పంచదార, అర చెంచా కొబ్బరినూనె కలిపి రెండు నిమిషాలు రుద్ది కడుక్కోండి, గరుకు పోతుంది. తెల్లదారం ఉండను మూతకు రంధ్రం ఉన్న డబ్బాలో పెట్టి, దారం ఆ రంధ్రంలోంచి లాక్కోండి. మట్టి అంటదు.

ప్రశ్న: స్నేహితురాలు రెండు పెట్టలు ఇచ్చింది. మా వాటితో కలిపిన గంటకే నెత్తురు వచ్చేలా పొడిచేశాయి.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వెంటనే విడదీయండి. ఎర్రటి గాయం కనిపిస్తే మిగతావన్నీ అక్కడే పొడుస్తాయి. గాయం కడిగి, పసుపు కలిపిన వేపనూనె రాయండి.

ఎంత దగ్గరి వాళ్లిచ్చిన కోడినైనా మూడు వారాలు వేరుగా ఉంచాలి, వీలైనంత దూరంగా. దాణా, నీళ్లు ముందు పాత కోళ్లకు, తర్వాతే కొత్తవాటికి. మళ్లీ పాతవాటి దగ్గరికి వెళ్లేముందు కాళ్లూ చేతులూ కడుక్కోండి. ఆ మూడు వారాల్లో తోక కింది ఈకలు విప్పి పేలు చూడండి. కాళ్ల పొలుసులు పైకి లేచి గరుకుగా ఉంటే గజ్జి పురుగు, వారానికి రెండుసార్లు కొబ్బరినూనె దట్టంగా పట్టిస్తే ఊపిరాడక చస్తుంది. తుమ్ములు, ఆకుపచ్చ విరేచనం, మెడ వంకర తిరగడం కనిపిస్తే కొక్కెర తెగులు కావచ్చు, పశువైద్యుడికి చూపించాల్సిందే. స్నేహితురాలిని టీకాల సంగతి అడగండి. పిల్ల పుట్టిన ఏడో రోజున కంట్లో చుక్కగా వేసే కొక్కెర తెగులు టీకా లసోటా, ఎనిమిదో వారం సూది వేయించారా అన్నది ముఖ్యం.

తర్వాత ఒక వారం మధ్యలో వల ఉంచి, ఒకదాన్నొకటి చూసుకోనివ్వండి. చీకటి పడ్డాక కొత్తవాటిని కర్ర మీద పాతవాటి పక్కన కూర్చోబెట్టండి. దాణా గిన్నెలు, నీటి గిన్నెలు రెండు చోట్ల ఉండాలి. నాలుగైదు రోజులు తరుముకోవడం మామూలే. వాటిలో వాటికి పెద్దా చిన్నా వరస తేలేదాకా అది ఆగదు.

ప్రశ్న: ఎండలు ముదిరేసరికి గుడ్డు పెంకు కాగితంలా వస్తోంది. సున్నం కలపమంటున్నారు.
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: తాంబూలంలో వేసే సున్నం వద్దే వద్దు, నోరు, పేగులు పుండవుతాయి. వేడికి కోడి నోరు తెరిచి రొప్పుతుంది. రొప్పినప్పుడు ఒంట్లోని బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా పోతుంది. పెంకు కట్టడానికి కావాల్సిన కార్బనేట్ దాంతోనే తగ్గుతుంది. మేతా తగ్గుతుంది. ఆల్చిప్పలను జొన్న గింజంత ముక్కలుగా దంచి వేరే గిన్నెలో సాయంత్రం పెట్టండి, ఒక్కో పెట్టకు రోజుకు నాలుగైదు గ్రాములు. పెంకు కట్టేది రాత్రిళ్లు. మెత్తటి పొడిగా చేసి పెడితే తొందరగా బయటికి పోతుంది, ముక్కలైతే కందనకాయలో నిలిచి రాత్రంతా కరుగుతాయి. దాణా తెల్లవారుజామున, చల్లబడ్డాక పెట్టండి. మట్టి పాత్రలో నీళ్లు మధ్యాహ్నం ఒకసారి మార్చండి.

ప్రశ్న: బంతిపూలతో, పసుపుతో నూలు దారానికి రంగు వేశాను. రెండు ఉతుకులకే వెలిసిపోయింది.
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: పసుపు ఎండకు నిలవదు, దాన్ని వదిలేయండి. బంతి నిలుస్తుంది, అయితే నూలుకు నేరుగా పట్టదు. మధ్యలో కరక్కాయ, పటిక కావాలి. కలంకారీలో బట్టను ముందు కరక్కాయలో ముంచేదీ అందుకే.

వంద గ్రాముల దారానికి లెక్క చెప్తాం. రెండు చెంచాల చాకలి సోడా వేసిన నీళ్లలో గంటసేపు ఉడికించి జాడించండి. నూలుకుండే మైనం పోవాలి, లేకపోతే రంగు మచ్చలు మచ్చలుగా వస్తుంది. ఇరవై గ్రాముల కరక్కాయ పొడి వేడినీళ్లలో కలిపి దారాన్ని రాత్రంతా నాననిచ్చి, జాడించకుండా పిండండి. మర్నాడు ఇరవై గ్రాముల పటిక కరిగించిన గోరువెచ్చని నీళ్లలో పూటంతా ఉంచి, ఒక్కసారి జాడించండి. మూడు నాలుగు వందల గ్రాముల తాజా బంతి రేకులు మరగనివ్వకుండా సన్నటి సెగ మీద గంట కాచి వడకట్టి, ఆ నీళ్లలో దారం వేసి మరో గంట వేడిగా ఉంచండి. స్టీలు గిన్నె వాడండి. ఇనుప మూకుడైతే కరక్కాయతో కలిసి మురికి నలుపు దిగుతుంది. రాత్రంతా అందులోనే చల్లారనిచ్చి, నీడలో ఆరబెట్టి, కుంకుడు రసంతో ఉతకండి.

వడకట్టిన రేకుల్లో పటిక ఉండదు గనుక ఎరువు కుప్పలో వేసుకోవచ్చు. మందు కొట్టని మీ పెరటి బంతి అయితే కొన్ని పచ్చి రేకులు పెట్టలకు తుంచి వేయండి. రెండు వారాల్లో సొన రంగు ముదురుతుంది.

ప్రశ్న: ఇంట్లో గుడ్ల కోసం ఏ కోడి?
– ఒక పాఠకుడు, కామారెడ్డి

జవాబు: గుడ్లే ముఖ్యమైతే గ్రామప్రియ. మాంసమూ కావాలంటే వనరాజా. రెండూ హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థలో రూపొందినవే. ఇవి పొదగడానికి కూర్చోవడం అరుదు. పిల్లలు కావాలంటే ఒక నాటు పెట్ట ఉండాలి, ఇరవై ఒక్క రోజులు కదలకుండా కూర్చుంటుంది.

ప్రశ్న: నాలుగు రోజులు ఊరెళ్తున్నాం. పక్కింటి వాళ్లకు ఏం చెప్పి వెళ్లాలి?
– ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: పెద్ద పెట్టకు రోజుకు 120 గ్రాముల లెక్కన దాణా తూచి, ఏ రోజుది ఆ రోజు పొట్లం కట్టండి. నీళ్ల గిన్నెలు రెండు పెట్టండి, ఒకటి ఒలికినా రెండోది ఉంటుంది. కుండీలన్నీ ఒక్కచోట నీడలో చేర్చి, మట్టి మీద ఎండుటాకులు కప్పి వెళ్తే ఒక్క పూట తడిపినా సరిపోతుంది. గుడ్లు వాళ్లనే తీసుకోమనండి, అప్పుడు రోజూ గూడు తెరిచి చూస్తారు. మిగతావన్నీ మరిచిపోయినా ఫర్వాలేదు, పొద్దుగూకగానే కోళ్లను లెక్కపెట్టి గూడు తలుపు గడియ వేయడం మాత్రం మరిచిపోవద్దని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి తలుపుకే అంటించండి.