ఓడలోని మెరైన్ల మీద కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ కథ చిత్తుప్రతి అందింది. మొదటి పేజీలోనే తుపాకులు పేలడం మొదలుపెట్టాయి. ఆరేడు నెలలు సముద్రం మీద గడిపే అమెరికా మెరైన్ చేతికి రోజూ అంటుకునేది తుపాకిమందు కాదు, ఉప్పూ నూనే. కథని అక్కడ మొదలుపెట్టు.

ముందు పేర్లు సరిచూసుకో. ఒకచోట నావికుడన్నావు, ఇంకోచోట మార్కోస్ అన్నావు. ఓడని నడిపేది నావికులు. ఆ ఓడలో వెళ్లి ఒడ్డున దిగి పోరాడేవాళ్లు మెరైన్లు. మార్కోస్ మన నౌకాదళపు కమాండోలు. మన తీరంలో బోర్డులు కనిపించే మెరైన్ పోలీసులు పూర్తిగా వేరు. మెరైన్ ఎక్స్‌పెడిషనరీ యూనిట్ అంటే సుమారు 2,200 మంది, మామూలుగా మూడు ఓడల్లో సర్దుకుంటారు. పదాతి బెటాలియన్, హెలికాప్టర్లూ విమానాలూ, సరఫరా విభాగం, వీటిని నడిపే కమాండ్ అన్నీ అందులోనే. నీ పాత్ర వీటిలో ఏ పనివాడో తేల్చుకోకుండా రెండో పేజీ రాయకు. వంటశాలలో పళ్లేలు కడగడానికి కొన్ని వారాలపాటు పంపించిన కుర్ర మెరైన్ అయినా సరే, కథకి పనికొస్తాడు.

పడకలు ఒకదాని మీద ఒకటి మూడో నాలుగో ఉంటాయి. చాలా ఓడల్లో లేచి కూర్చునే వీలుండదు. మంచినీళ్లు సముద్రపు నీటి నుంచే తయారుచేసుకోవాలి కాబట్టి ఒళ్లు తడుపుకుని, కుళాయి కట్టేసి, సబ్బు రుద్దుకున్నాక మళ్లీ తిప్పుతారు. నేలని డెక్ అంటారు, గోడని బల్క్‌హెడ్, మరుగుదొడ్డిని హెడ్. ఒడ్డున బ్యారక్‌లో ఉన్నా అవే మాటలు. సంభాషణల్లో వాటిని వాడు. కథనంలో మాత్రం నేలని నేలనే అను, లేకపోతే చదివేవాడు అర్థాలు వెతుక్కుంటూ కూర్చుంటాడు.

ఇక తుపాకి. ఎం4 రైఫిల్‌ని శుభ్రం చేయడాన్ని నువ్వు "తుడిచాడు" అని ఒక్క ముక్కలో దాటేశావు. అసలు కథ దాచుకున్నది అక్కడే. ముందు మ్యాగజైన్ తీయాలి. చార్జింగ్ హ్యాండిల్ వెనక్కి లాగి, తూటా కూర్చునే ఛాంబర్‌లో ఏమీ లేదని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. టేక్‌డౌన్ పిన్ నెట్టి తుపాకిని తెరిచి, ఛాంబర్‌ని వెనకనుంచి మూసే బోల్ట్‌ని మోసే బోల్ట్ క్యారియర్ బయటికి లాగి, తూటాని పేల్చే ఫైరింగ్ పిన్‌ని పట్టి ఉంచే చిన్న పిన్ను, తర్వాత ఫైరింగ్ పిన్, తర్వాత బోల్ట్‌ని తిప్పి బిగించే క్యామ్ పిన్‌ని పావు వంతు తిప్పి, చివరికి బోల్ట్ తీయాలి. గొట్టంలో బ్రష్‌ని ఛాంబర్ వైపు నుంచి మూతి వైపుకే పంపాలి. ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది, అందుకే ఓడలో పల్చటి నూనెపూత తప్పదు. ఆ నూనే ఎక్కువైతే ఒడ్డున ఇసుక అతుక్కుని తుపాకి జామ్ అవుతుంది. మళ్లీ అమర్చేటప్పుడు క్యామ్ పిన్ మరిచిపోతే మరీ ప్రమాదం. బోల్ట్ బిగుసుకోకుండానే తూటా పేలి, రైఫిల్ పట్టుకున్నవాడి ముఖం దగ్గరే పగిలిపోవచ్చు. వేలి గోరంత ముక్క అది. నలుగురున్న ఫైర్ టీమ్‌లో ఒకడు పక్కవాడి చేతుల వంక ఎందుకు చూస్తాడో దీంతోనే చెప్పవచ్చు.

వాహనాలు ఎక్కించే వరస కూడా నీ కథలో తలకిందులైంది. ఒడ్డున మొదట కావలసింది ఓడలోకి చివర ఎక్కాలి. ఈ లెక్క తప్పితే వాహనాలకి కట్టిన గొలుసులు విప్పి, డెక్ అంతా ఖాళీ చేసి, మళ్లీ పేర్చుకోవాలి. ఓడ వెనక భాగంలో వెల్ డెక్ ఉంటుంది. ఓడ బరువు సర్దే బ్యాలస్ట్ ట్యాంకుల్లోకి నీళ్లు తీసుకుని ఓడ వెనక భాగాన్ని కిందికి దించి, తలుపు తెరిస్తే సముద్రం లోపలికి వస్తుంది, పడవలు తేలి బయటికి వెళ్తాయి. అలలు పెద్దవైతే అదే డెక్‌లో పడవలు గోడలకి కొట్టుకుంటాయి. ఆ శబ్దం రాయి.

ఎక్కువ సేపు నిలవాల్సింది నీటి శిక్షణ దగ్గర. మనిషిని కుర్చీలాంటి చట్రానికి బెల్టుతో కట్టి, లోతు తక్కువ కొలనులో తలకిందులుగా తిప్పుతారు. ఒక చేత్తో తలుపు అంచులాంటి ఆధారాన్ని పట్టుకుని, అది వదలకుండా రెండో చేత్తో బెల్టు విప్పాలి. ముందే బెల్టు విప్పితే ఒళ్లు తేలిపోతుంది, పైదేదో కిందదేదో తెలియదు, చేతికి తలుపు దొరకదు. 2020 జూలై 30న కాలిఫోర్నియా తీరంలో శాన్ క్లెమెంటే దీవి దగ్గర శిక్షణలో ఉన్న ఒక ఉభయచర వాహనం మునిగి 8 మంది మెరైన్లు, ఒక నావికుడు చనిపోయారు. వాహనాలు సరైన స్థితిలో లేవనీ, నీటిలోంచి బయటపడే శిక్షణ అందరికీ పూర్తికాలేదనీ, లోపలికి నీరు వస్తున్నా దిగమనే ఆజ్ఞ ఆలస్యమైందనీ విచారణలో తేలింది. వాళ్లు యుద్ధంలో పోలేదు. ఇది తెలిశాక కొలను సన్నివేశాన్ని కసరత్తులా రాయడం కుదరదు.

వ్యాయామం గురించి రెండు వాక్యాలు చాలు. హెలికాప్టర్లూ విమానాలూ దిగే ఫ్లైట్ డెక్ ఖాళీ అయినప్పుడే పరుగు. అంతకంటే మంచి దృశ్యం ఒకటుంది: అందరూ వరసగా నిలబడి, వంగి చూసుకుంటూ డెక్ పొడవునా నడిచి, పడి ఉన్న ప్రతి మేకూ తీగముక్కా ఏరడం. ఆ ముక్కని విమానం ఇంజిన్ లోపలికి పీల్చుకుంటే ఇంజిన్‌లో తిరిగే రెక్కలు దెబ్బతింటాయి.

మన తీరాన్ని కథలోకి తెచ్చే కోరిక ఉంటే దారి ఉంది. 2019 నవంబరులో భారత్, అమెరికా త్రివిధ దళాలు కలిసి చేసిన మొదటి విన్యాసం టైగర్ ట్రయంఫ్ విశాఖపట్నం, కాకినాడల్లోనే జరిగింది. విశాఖ కేంద్రంగా ఉన్న ఐఎన్ఎస్ జలాశ్వ అనే యుద్ధనౌక ఒకప్పుడు అమెరికా వాళ్ల ట్రెంటన్, 2007లో మన నౌకాదళంలో చేరింది. వెల్ డెక్ దానికీ ఉంది. కాకినాడ ఒడ్డున అల ఎక్కడ విరుగుతుందో అక్కడి మత్స్యకారులని అడిగి రాసుకో.

ఈసారి మొత్తం కథ పంపకు. తుపాకి శుభ్రం చేసే సన్నివేశం ఒక్కటి, మూడు పేజీలు పంపు. క్యామ్ పిన్ పెట్టలేదని ముందు ఎవరు గమనించారో, ఏ మాటతో చెప్పారో అందులో ఉండాలి.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య