మైదుకూరులో వరి కోత, రోజుకో వాన సూచన: సమాధానం

కడప జిల్లా మైదుకూరులో వరి కోతకు వచ్చింది, సోమవారం "భారీ వర్షం" అన్న సూచన బుధవారానికి ఎందుకు మారిందని మీరు అడిగారు. మీరు సోమవారం చూసినప్పటికి ఆ వాన తెచ్చే అల్పపీడనం బంగాళాఖాతంలో ఇంకా ఏర్పడి ఉండదు. అందుకే "భారీ వర్షం" కాస్తా బుధవారానికి "పొడి వాతావరణం" అయిపోయింది. సముద్రం మీద కొలతలు తక్కువ, కాబట్టి అది ఎక్కడ పుడుతుందో, ఎటు కదులుతుందో కంప్యూటర్ మోడళ్లు ఒక్కోసారి ఒక్కోలా లెక్క కడతాయి. చెన్నై వైపు వస్తే కడపకు వాన గట్టిగానే పడొచ్చు. మచిలీపట్నం వైపు మళ్లితే మనకు జల్లులతో సరి. మధ్యలో ఉత్తరం నుంచి పొడిగాలి చొరబడితే బలహీనపడుతుంది కూడా.

1. యాప్‌లో మబ్బు బొమ్మ ఒక్కటే చూడొద్దు. అమరావతి వాతావరణ కేంద్రం బులెటిన్ చదవండి.

2. చాలామంది వదిలేసేది ఇక్కడే: వర్షం పక్కన ఉండే మాట. "ఒకటి రెండు చోట్ల" అంటే రాయలసీమలోని వర్షమాపక కేంద్రాల్లో 25 శాతం లోపే వాన పడుతుందని. "కొన్ని చోట్ల" అంటే 26 నుంచి 50. "చాలా చోట్ల" అంటే 51 నుంచి 75. "రాయలసీమలో ఒకటి రెండు చోట్ల భారీ వర్షం" అని ఉంటే మీ పొలంలో చుక్క పడకపోయినా ఆ సూచన తప్పినట్టు కాదు. పడితే మాత్రం 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటొచ్చు.

3. అల్పపీడనం ఇంకా బలపడి వాయుగుండంగా మారిందంటే దారి కొంత తేలినట్టే. కోత మిషన్‌కు అప్పుడు మాట ఇవ్వండి, అదీ కోతకు రెండు రోజుల ముందు వచ్చే సూచన చూసి.

4. బులెటిన్‌లో మీ జిల్లాకు నారింజ లేదా ఎరుపు రంగు హెచ్చరిక వస్తే కోత ఆపండి. 2021 నవంబరు 19న చెయ్యేరు నది మీది అన్నమయ్య డ్యాం కట్ట తెగింది ఇలాంటి నవంబరు వానలకే. ఇప్పటికే కోసిన వడ్లుంటే మిట్ట మీదకు చేర్చి టార్పాలిన్ కప్పండి.