ఐఎల్-6 టెస్టులో వాడే యాంటీబాడీలు మన ఒంట్లోవేనా?

కావు, ఒక్కో పదార్థాన్ని గుర్తుపట్టి దానికే అతుక్కునే ఈ ప్రొటీన్లు టెస్టు కిట్‌తో పాటు వచ్చేవి. చాలావరకు ఎలుక కణాల నుంచి తయారుచేసినవి. ఇన్ఫెక్షన్ సోకినప్పుడు రోగనిరోధక కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే ప్రొటీన్లలో ఐఎల్-6 (ఇంటర్‌ల్యూకిన్-6) ఒకటి. రక్తంలో ఇది పికోగ్రాముల్లో, అంటే గ్రాములో లక్ష కోట్ల వంతు లెక్కల్లో ఉంటుంది. అంత తక్కువది వేల ప్రొటీన్ల మధ్య పొరపాటు లేకుండా దొరకాలంటే ఒక్క యాంటీబాడీ చాలదు. ఎలీసా అనే ల్యాబ్ పద్ధతిలో, చిన్న గుంటలున్న ప్లేటుకు అంటించిన యాంటీబాడీ ఐఎల్-6ను పట్టి ఉంచుతుంది. రెండోది అదే ప్రొటీన్‌కు ఇంకోచోట అతుక్కుంటుంది. దానికి తగిలించిన ఎంజైమే రంగు తెప్పిస్తుంది.

ఉదాహరణకు, నెల్లూరులో ఐసీయూలో ఉన్న సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌కు ఒళ్లు అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతినే స్థితి) రోగి సీరం, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం, పోసిన గుంటలో రంగు చిక్కబడితే ఐఎల్-6 ఎక్కువున్నట్టు. రిపోర్టులో అంకె పెద్దదైతే ఇమ్యూనిటీ బాగుందని కొందరు సంబరపడతారు. అది తప్పు, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (రోగనిరోధక స్పందన వల్ల వచ్చే వాపు, మంట) పెరిగిందని దానర్థం. కారణమేంటో మాత్రం ఆ అంకె చెప్పదు.